యాష్‌బోర్న్ నుంచి కార్సింగ్టన్ మీదుగా పాత రైలు కట్టలపై 55 కిలోమీటర్లు: ఎటు నుంచి తిరగాలి?

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. ఇంగ్లాండులోని డెర్బీ వచ్చి ఏడాదైంది. మీరూ మీ ఆవిడా ఆదివారాలు డెర్వెంట్ ఒడ్డున పాతిక కిలోమీటర్లు తొక్కుతున్నారు. ఇద్దరివీ హైబ్రిడ్ సైకిళ్లు. పాత రైలు కట్టలను సైకిలు దారులుగా మార్చిన టిసింగ్టన్ ట్రెయిల్, హై పీక్ ట్రెయిల్, వాటి పక్కనున్న కార్సింగ్టన్ వాటర్ రిజర్వాయర్ మూడూ కలిపి ఒక్క రోజులో చుట్టి రావాలని ఉంది. మా వల్ల అవుతుందా, ఎటు నుంచి మొదలెట్టాలి అని.

అవుతుంది. యాష్‌బోర్న్‌లో బయల్దేరి మళ్లీ యాష్‌బోర్న్ చేరితే ఇంచుమించు 55 కిలోమీటర్లు. పన్నెండేళ్లుగా ఏటా రెండు మూడుసార్లు తిరుగుతున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నా. ఆదివారం పాతిక తొక్కేవాళ్లకి ఈ యాభై అయిదు భారం కాదు, ఎందుకంటే ఇందులో రెండొంతుల దారి రైలు కోసం చదును చేసింది. అయితే మీ రెండో ప్రశ్నే అసలైనది. ఎటు నుంచి మొదలెట్టారన్న దాన్నిబట్టే సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికొస్తారా, కాళ్లీడ్చుకుంటూ వస్తారా అన్నది తేలుతుంది.

నా మాట: రిజర్వాయర్ ముందు, రైలు కట్ట తర్వాత. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే దిక్కుకు ఎదురు దిక్కున తిరగండి.

చాలామంది దీనికి తలకిందులుగా వెళ్తారు. టిసింగ్టన్ ట్రెయిల్ యాష్‌బోర్న్‌లో కారు పెట్టిన చోటే మొదలవుతుంది కాబట్టి కళ్లకెదురుగా ఉన్న దారినే పట్టుకుంటారు. నేనూ 2013లో మొదటిసారి అదే చేశాను. సెప్టెంబరు చివరి వారం, నాతో పనిచేసే మిత్రుడొకరు తోడు. రెండు ట్రెయిళ్లూ కలిసే పార్స్లీ హే దాకా 21 కిలోమీటర్లు ఎక్కుడే అయినా ఎక్కినట్టే అనిపించలేదు. అక్కడి నుంచి గాలి వీపున తోస్తుంటే హై పీక్ ట్రెయిల్ మీద ఎగిరినట్టే వెళ్లాం. కార్సింగ్టన్ చేరేసరికి నాలుగున్నర. ఇంకెంత, పదకొండు కిలోమీటర్లేగా అని తీరిగ్గా టీ తాగి కూర్చున్నాం. ఆ పదకొండు కిలోమీటర్లకు మాకు రెండున్నర గంటలు పట్టింది. ఒక మిట్ట ఎక్కి దిగితే ఇంకో మిట్ట. రెండో మిట్ట మీదే మా వాడికి పిక్కలు పట్టేశాయి. సైకిలు నడిపించుకుంటూ పోతుంటే పొద్దు గుంకింది. రెండు వైపులా తలెత్తు కంచెలు, కారు వస్తే పక్కకు తొలగడానికి చోటు లేదు, మా దగ్గర లైట్లు లేవు. వెనక నుంచి కారు వెలుగు పడ్డ ప్రతిసారీ ముళ్లకంచెలోకి ఒరిగి నిలబడ్డాం. ఆ రాత్రి మా వాడి మోచేతులకు గీరుకున్న గీతలు నాకిప్పటికీ గుర్తే.

తప్పు దూరంలో లేదు, వరసలో ఉంది. రైలింజను మిట్టలు ఎక్కలేదు. అందుకే ఆ రోజుల్లో కొండ అడ్డొస్తే తొలిచారు, లోయ అడ్డొస్తే కట్ట పోశారు. యాష్‌బోర్న్ నుంచి పార్స్లీ హే దాకా ఎత్తు రెండు వందల మీటర్లకు పైగా పెరుగుతుంది, కానీ 21 కిలోమీటర్ల మీద అది పరిచినట్టు ఉంటుంది. సగటున వంద మీటర్లకు ఒక మీటరు. పల్లె రోడ్లు అలా కాదు. అవి గుర్రాలూ గొర్రెలూ నడిచిన దారులు, కొండ ఎలా ఉంటే అలా నిట్టనిలువుగా ఎక్కుతాయి. ఆ కష్టం పొద్దున పూట, కాళ్లు తాజాగా ఉన్నప్పుడు పడాలి. సాయంత్రం అలసిపోయాక చేతిలో ఉండాల్సింది కార్లు రాని, దానంతట అదే కిందికి జారే 21 కిలోమీటర్ల రైలు కట్ట.

ఇక దారి. తొమ్మిదింటికల్లా యాష్‌బోర్న్‌లో ఉండండి. అక్కడికి ఇప్పుడు రైలు లేదు, డెర్బీ నుంచి కారు వెనక ర్యాక్‌కు సైకిళ్లు కట్టుకుని వెళ్లడమే తేలిక. కార్సింగ్టన్‌కు నేరుగా పోయేది బి5035 రోడ్డు, నైవ్‌టన్ మీదుగా. దాని మీద వెళ్లొద్దు, అక్కడ కార్లు మరీ జోరుగా పోతాయి. దానికి కాస్త దక్షిణంగా ఆట్లో, హాగ్నాస్టన్ ఊళ్ల మీదుగా చిన్న రోడ్లున్నాయి, అవి పట్టుకోండి. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆగి దారివ్వాల్సినంత ఇరుకు, కానీ ప్రశాంతం. మిట్టల దగ్గర అన్నిటికంటే చిన్న గేరులో నెమ్మదిగా. దిగి నడిచినా నామోషీ లేదు, నేను ఒక చోట ఎప్పుడూ దిగుతాను. ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే, ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వారి ఎక్స్‌ప్లోరర్ మ్యాపు ఓఎల్24 ఒకటి కొనుక్కోండి, వైట్ పీక్ అనే ఈ సున్నపురాయి కొండల ప్రాంతమంతా అందులో ఉంది. ఆ లోయల్లో ఫోన్ సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలియదు.

హాగ్నాస్టన్ దాటి పైకొచ్చాక నీళ్లు కనపడతాయి. మొదటిసారి చూసినవాళ్లు అది సహజమైన సరస్సు అనుకుంటారు. కాదు. మన భాషలో చెప్పాలంటే కార్సింగ్టన్ ఒక ఎత్తిపోతల రిజర్వాయర్. వానాకాలంలో, అంటే ఇక్కడి చలికాలంలో, డెర్వెంట్ నదిలో నీళ్లు పుష్కలంగా ఉన్నప్పుడు ఆంబర్‌గేట్ దగ్గర తోడి, సొరంగాల గుండా, పైపుల గుండా ఇక్కడికి ఎత్తిపోస్తారు. వేసవిలో నది సన్నబడితే తిరిగి వదులుతారు. కృష్ణా గోదావరి పంపుహౌసుల గురించి పేపర్లో చదువుతూ పెరిగిన మనకి ఇది అర్థం కావడానికి పెద్దగా వివరించక్కర్లేదు.

ఆ రిజర్వాయర్ ఆనకట్ట వెనక ఒక విషాదం ఉంది. 1983లో పని జరుగుతుండగా ఒక తనిఖీ గుంతలోకి దిగిన నలుగురు కుర్రాళ్లు ఊపిరాడక చనిపోయారు. తవ్విపోసిన షేల్ అనే బంకమట్టి రాతిలోని ఖనిజం గాలి తగిలి ఆమ్లంగా మారింది, ఆ ఆమ్లం మురుగు కాలువలకు వాడిన సున్నపురాయిని తాకింది, బొగ్గుపులుసు వాయువు పుట్టి గుంతలో నిండింది. మరుసటి ఏడాది, 1984 జూన్‌లో, దాదాపు పూర్తి కావచ్చిన కట్ట నీటివైపు వాలు జారిపోయింది. పునాదిలో మిగిలిపోయిన పసుపు బంకమన్ను పొరే దానికి మూలం. అదృష్టం, అప్పటికి నీళ్లు నింపలేదు. మళ్లీ కొత్త డిజైనుతో కట్టి 1992లో రాణి ఎలిజబెత్ చేత ప్రారంభింపజేశారు. విజిటర్ సెంటర్ దగ్గర బెంచీ మీద కూర్చుని కట్టవైపు చూసేటప్పుడు ఇదంతా తెలిసి చూడండి.

రిజర్వాయర్ చుట్టూ పూర్తిగా తిరిగే దారి ఇంకో 13 కిలోమీటర్లు ఉంటుంది. ఈ రోజుకు అది వద్దు. తూర్పు ఒడ్డు మీరు అనుకునేంత చదును కాదు, అడుగడుగునా చిన్న చిన్న మిట్టలు. పడమటి ఒడ్డునే ఉత్తరంగా కార్సింగ్టన్ ఊరివైపు సాగిపొండి. దారి మీద పిల్లలూ కుక్కలూ నడిచేవాళ్లూ ఎక్కువ, కాబట్టి తొందరపడకూడదు.

కార్సింగ్టన్, హాప్టన్ ఆనుకుని ఉన్న రెండు చిన్న ఊళ్లు. అక్కడి నుంచి హై పీక్ ట్రెయిల్ మీదికి ఎక్కే ముక్కే ఈ మొత్తం దారిలో అన్నిటికంటే కష్టం. దూరం కొద్దిదే కానీ నిలువుగా ఉంటుంది. అంతకుముందే, రిజర్వాయర్ ఒడ్డు నుంచి ఊళ్లోకి వచ్చేటప్పుడు, ఇందాక తప్పించుకున్న బి5035 రోడ్డునే అడ్డంగా దాటాలి, ఆగి రెండు వైపులా చూసి దాటండి. ఇద్దరూ మాట్లాడుకుంటూ సైకిళ్లు నడిపించుకుంటూ ఎక్కేయండి. నీటి సీసాలు విజిటర్ సెంటర్ దగ్గరే నింపుకుని ఉంటే మంచిది, ఎందుకంటే పైన సున్నపురాయి నేల. వాన పడ్డ నీళ్లు పడ్డట్టే నేలలోకి దిగిపోతాయి.

నాది పల్నాడు, పిడుగురాళ్ల పక్కన. సున్నపురాయి నేల మీద నీటి కోసం పడే పాట్లు, సాగర్ కుడి కాలువ రాకముందు ఎలా బతికారో మా తాత చెబుతుండగా విన్నవాణ్ని. అందుకే హై పీక్ రైలు గురించి చదివినప్పుడు ఒక సంగతి నన్ను పట్టేసింది. ఈ లైను మీద రాయీ సున్నమే కాకుండా, పాత ఇంజన్ల వెనకుండే టెండర్లలో, అంటే నీటి తొట్టి పెట్టెల్లో, నీళ్లు నింపి పైకి మోసుకెళ్లేవాళ్లు. కొండ మీది క్వారీలకూ ఇళ్లకూ ఆ రైలే నీళ్లబండి. కిందనేమో కార్సింగ్టన్ నిండా నీళ్లు. అది నీళ్లు ఇంకనివ్వని షేల్ నేలలో ఉంది కాబట్టి నిలిచాయి. మీరు సైకిలు నడిపించుకుంటూ ఎక్కే ఆ నాలుగడుగుల మిట్టలోనే నేల స్వభావం మారిపోతుంది. కంచెలు పోయి తెల్లటి రాతి గోడలు మొదలవుతాయి చూడండి, అదే గుర్తు.

ట్రెయిల్ ఎక్కాక కుడిచేతి వైపు కొద్ది దూరం వెనక్కి వెళ్తే మిడిల్టన్ టాప్. దారిలో చిన్న సొరంగం, ఆపైన పొడుగాటి పొగగొట్టం, ఇంజన్ ఇల్లు. ఓపిక ఉంటే తప్పక చూడండి. క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వేకు 1825లో అనుమతి వచ్చింది, 1831కల్లా మొత్తం 53 కిలోమీటర్లు తెరిచారు. రైలింజన్లు ఇంకా కొత్త వింతగా ఉన్న రోజులు. కట్టించిన జోసియస్ జెస్సప్ కాలువల ఇంజనీర్ల ఇంటివాడు, పైగా ఇది రెండు కాలువలను కలపడానికి వేసిన లైను. కొండ మీద కాలువకు నీళ్లు చాలవు కాబట్టి నీళ్లు లేని కాలువలా దీన్ని కట్టాడు. చదును మీద గుర్రాలు లాగేవి. కాలువలో లాకులు ఉండాల్సిన చోట ఏటవాలు దారులు పెట్టి, పైన ఆవిరి ఇంజను నిలబెట్టి, పెట్టెలను మోకుకు కట్టి లాగేవాళ్లు. స్టేషన్లను కూడా కాలువ రేవుల్లాగే వార్ఫ్ అని పిలిచారు. మిడిల్టన్ టాప్ ఇంజను 1829 నాటిది, 1963 దాకా పనిచేసింది. అక్కడి నుంచి క్రామ్‌ఫర్డ్ వైపు దిగే వాలు మాత్రం ఎనిమిదికి ఒకటి, అంటే ఎనిమిది మీటర్లకు ఒక మీటరు. చూసి వెనక్కి రండి, సైకిలు మీద దిగే ఆలోచన చేయొద్దు. దిగితే మళ్లీ అంతా ఎక్కాలి.

ఇప్పుడు పడమరగా తిరిగి హాప్టన్ ఇంక్లైన్ అనే వాలు ఎక్కాలి. పద్నాలుగుకు ఒకటి. మొదట్లో ఇక్కడా మోకుతోనే లాగేవారు, తర్వాత ఇంజన్లే నేరుగా ఎక్కడం మొదలెట్టాయి. మోకూ పళ్లచక్రమూ లేకుండా మామూలు ఇంజన్లు ఎక్కిన వాటిలో బ్రిటన్‌లో దీనంత నిటారైన వాలు ఇంకోటి లేదంటారు. పొడవు అర కిలోమీటరు లోపే. ఎక్కగలిగితే ఎక్కండి, లేకపోతే నడవండి. పైకి చేరారంటే ఈ రోజుకు కాళ్లు పడాల్సిన కష్టం అయిపోయినట్టే.

అక్కడి నుంచి పార్స్లీ హే దాకా పీఠభూమి. నాకు ఈ దారంతటిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. మట్టీ సున్నం ఏదీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండలమీదుగా గీతలు గీసినట్టు పోతుంటాయి. వాటి మధ్య గొర్రెలు. మినింగ్‌లో అనే చోట రైలు కట్ట కూడా అలా పేర్చిన రాతిదే. ఒక్కసారి సైకిలు గోడకు ఆనించి పక్కకు వెళ్లి కింద నుంచి చూడండి. రాళ్ల సందుల్లో చేతివేలు పట్టేంత చోటు కూడా దొరకడం కష్టం. దాదాపు రెండు వందల ఏళ్లవుతున్నా కట్ట ఒరగలేదు. పక్కన చెట్ల గుంపుతో ఉన్న గుట్ట మీద కొత్తరాతి యుగపు సమాధులున్నాయి.

ఇంకొంచెం ముందుకు పోతే గాథమ్ మలుపు. కేవలం 50 మీటర్ల వ్యాసార్ధంలో రైలు దాదాపు లంబకోణంలో తిరగాల్సిన చోటు. సైకిలు మీద వేగంగా వస్తే మనకే హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది, పెట్టెలు ఎలా తిరిగేవో ఊహించుకోండి. తర్వాత ఫ్రైడెన్‌లో కొలిమి ఇటుకల ఫ్యాక్టరీ, ఆ వెంటనే రెండు ట్రెయిళ్లూ కలిసే చోటు, పార్స్లీ హే.

నేను చెప్పే దిక్కుకు ఉన్న ఒకే ఒక లోపం ఇక్కడే తెలుస్తుంది. ఈ ప్రాంతంలో గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. అంటే ఈ పదహారు పదిహేడు కిలోమీటర్లూ మీకు ఎదురుగాలి గానీ ఏటవాలు గాలి గానీ ఉంటుంది. 350 మీటర్ల ఎత్తులో చెట్టు చాటు లేని చోట అది చిన్న విషయం కాదు. ఒకరి వెనక ఒకరు తొక్కండి, ముందున్నవాళ్లు అయిదారు నిమిషాలకోసారి మారండి. ముందు రోజు వాతావరణం చూసుకోండి. వాయవ్యం నుంచి బలమైన గాలి ఉందంటే వచ్చే వారానికి వాయిదా వేయండి. దీన్నంతా లెక్క వేసుకునే నేను ఈ దిక్కు చెబుతున్నా. ఎదురుగాలి కాళ్లను అలసిపోయేలా చేస్తుంది, చీకట్లో ఇరుకు రోడ్డు మీద కార్లు ప్రాణం మీదికి తెస్తాయి. రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే గాలినే ఎంచుకుంటాను.

పార్స్లీ హేలో టీ, శాండ్‌విచ్‌లు దొరుకుతాయి, మరుగుదొడ్లున్నాయి, సైకిళ్లు అద్దెకిచ్చే చోటూ ఉంది. మేం మాత్రం ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్తాం. చింతపండు పులిహోర సంచీలో ఎంత కుదిపినా చెడదు, చల్లారినా బాగుంటుంది, ఉప్పూ పిండిపదార్థం రెండూ ఒంటికి అందుతాయి. పెరుగన్నం వద్దు, తిన్నాక కళ్లు మూతలు పడతాయి. ఒంటిగంటన్నరకు ఇక్కడ ఉంటే సరైన సమయంలో ఉన్నట్టు.

ఇక టిసింగ్టన్ ట్రెయిల్. 1899లో తెరిచిన యాష్‌బోర్న్ - బక్స్‌టన్ లైను ఇది. మామూలు ప్రయాణికుల రైళ్లు 1954లో ఆగాయి, 1967కి లైను మూతపడింది. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ వాళ్లు కొని 1971లో దారిగా తెరిచారు. హార్టింగ్టన్ స్టేషన్ దగ్గర పాత సిగ్నల్ బాక్సు ఇంకా నిలబడి ఉంది. ఆ తర్వాత కొండను నిలువుగా కోసిన లోతైన కోతలు వస్తాయి. మే, జూన్‌లలో ఆ రాతి గోడల మీద పసుపుపచ్చ కౌస్లిప్ పూలు, అక్కడక్కడా అడవి ఆర్కిడ్లు. పెడల్ వేయకుండానే చాలాసేపు జారిపోతుంటారు. వేగం తెలియకుండానే పెరుగుతుంది, ఎదురుగా గుర్రాలు రావచ్చు. గుర్రం కనపడగానే దూరం నుంచే నోరు తెరిచి పలకరించండి. బెల్లు మోతకంటే మనిషి గొంతుకే గుర్రం బెదరకుండా ఉంటుంది.

టిసింగ్టన్ ఊరు స్టేషన్‌కు ఆనుకునే ఉంది. ఈస్టరుతో కలిపి నలభయ్యో రోజు వచ్చే ఆరోహణ పండుగ నాడు అక్కడి బావులను అలంకరిస్తారు. చెక్క పలకల మీద తడి బంకమన్ను పరిచి, అందులో ఒక్కొక్క పూరేకూ గుచ్చి బొమ్మలు తీరుస్తారు. ప్లేగు ఊరిని తాకకుండా వదిలినందుకో, కరువులోనూ బావులు ఎండనందుకో మొదలైందని చెబుతారు. మా ఆవిడ మొదటిసారి అది చూసి బతుకమ్మ పేర్చినంత శ్రద్ధగా చేశారే అంది. అలంకరణ కొన్ని రోజుల పాటు ఉంచుతారు కాబట్టి ఆ వారాంతం మీ ప్రయాణం పెట్టుకుంటే రెండూ అవుతాయి. అది మామూలుగా మే నెలలో వస్తుంది, అప్పుడు రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది.

యాష్‌బోర్న్ దగ్గర పడుతుండగా బెంట్లీ బ్రూక్ అనే వాగు దగ్గర పాత వంతెన లేదు, తీసేశారు. కట్ట మీద హాయిగా వస్తున్న దారి హఠాత్తుగా వాగులోకి దిగి మళ్లీ ఎక్కుతుంది. దిగేముందే గేరు మార్చుకోండి. దిగాక మారిస్తే చైన్ జారుతుంది, నిలువునా ఆగిపోతారు. చివర్లో యాష్‌బోర్న్ సొరంగం, 350 మీటర్లు. లోపల లైట్లున్నాయి.

సైకిళ్ల గురించి అడిగారు. హైబ్రిడ్ చక్కగా సరిపోతుంది. టైరు 35 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే చాలు, గాలి మరీ గట్టిగా కొట్టొద్దు. సన్నటి రేసు టైర్లతో మాత్రం ఆ సున్నపురాయి గులక మీద వెళ్లకండి. బ్రేకు షూలు ముందు రోజు చూసుకోండి. ఒక ట్యూబు, పంపు, ముందూ వెనకా లైట్లు, వాన కోటు. మే నెలైనా పైన చలి ఉంటుంది, చేతి తొడుగులు మరవొద్దు.

సగం రోజు గడిచాక మీ ఆవిడకు ఒంట్లో బాగోలేదనిపిస్తే మొండికేయొద్దు. మధ్యలో తేలికైన దగ్గరి దారంటూ లేదు. కార్సింగ్టన్ దగ్గరే ఆమెను అడిగి చూడండి. వద్దంటే రిజర్వాయర్ ఒడ్డునే గడిపి వచ్చిన దారిన వెనక్కి రండి. రైలు కట్టను ఇంకో ఆదివారం యాష్‌బోర్న్ నుంచి టిసింగ్టన్ దాకా వెళ్లి రావడంతో మొదలుపెట్టొచ్చు.

ఇంకొక్కటి. వాన పడి ఉంటే ట్రెయిల్ మీది తెల్ల పొడి పేస్టులా సైకిలంతా అంటుకుంటుంది. పొద్దున్నే చూద్దాంలే అని వదిలితే రాత్రికి రాత్రే సున్నం వేసిన గోడలా గట్టిపడి చైన్ లింకులు బిగుసుకుపోతాయి. ఇంటికి రాగానే, స్నానానికి ముందే, ఒక బకెట్ నీళ్లూ పాత టూత్‌బ్రష్షూ తీసుకుని చైన్ కడిగి, తుడిచి, రెండు చుక్కల నూనె వేసి లోపల పెట్టండి.